ఆదివారం తూకం

ఆదివారం షట్టరు సగమే లేపుతాను.
పెంటయ్య వంగుని లోపలికొస్తాడు.
పాతబ్రిడ్జి పక్కన, నాగావళి గాలికి
అట్టల కట్టలు ఎగిరిపోకుండా
రాళ్లు పెట్టుకున్న కొట్టు నాది.
ఇనుము కిలో ఇరవై ఆరు, అట్ట తొమ్మిది,
ఇత్తడిది రోజుకో రేటు.
నాకు తూకాలే తెలుసు, వస్తువులు తెలీవు.

అతను కుక్కరు మూత తీసి
చెవి దగ్గర పెట్టుకుని తట్టి వింటాడు.
తెగిన హవాయి చెప్పు తిరగేసి
"మడమ అరిగిన తీరు సూడు బాబూ,
ఈ మనిసి ఎడం పక్కకి ఒరిగి నడిసీది" అంటాడు.
మూడు పళ్లు మిగిలిన దువ్వెన, వంకర గరిటె,
గాజు లేని లాంతరు, గొడుగు పుల్లలు,
అంతా కలిపి అరవై రూపాయలు.
ఎన్నడూ బేరమాడలేదు.
చేలో దిష్టిబొమ్మలు కట్టుకుంటాడనుకున్నాను.

మొన్న కాటాకి సీలు వేయించుకుని వస్తూ
అరసవల్లి దారిలో అతనిల్లు చూశాను.
రేకుల వసారాలో ఇద్దరు కూర్చునున్నారు.
నమస్కారం పెట్టబోయాను కూడా.

పెద్దాయనకి గొడుగు పుల్లల పక్కటెముకలు,
లాంతరు బుడ్డి పొట్ట,
ఒక కంటికే అద్దమున్న కళ్లజోడు,
మోకాళ్లకి చుట్టిన కుక్కరు రబ్బర్లు.
"మాయన్న. సలికాలం నొప్పులెక్కువ."
పక్కనామెకి గరిటె వంపు వెన్ను,
కొబ్బరిపీచు సిగలో ఆ మూడు పళ్ల దువ్వెన,
ఎడం కాలికి ఆ చెప్పే.
"అప్ప. అరవయ్యారు దాటినాయి."

ఎప్పుడు పోయారని అడిగాను.
"అన్న నెల్లాళ్లకి. అప్ప పదకొండో రోజున."

బీడీ వెలిగించలేదు, వేళ్లతో నలుపుతూ ఉన్నాడు.
"అందుకే నాను పుట్టగానే
మాయమ్మ సేటలో ఏసి పెంట మీద ఒగ్గేసి
ఎనక్కి సూడకుండా ఎల్లిపోనాది.
దాలమ్మ ఎత్తుకొచ్చి సేరు తవుడికి
మల్లీ మాయమ్మకే అమ్మినాది.
సచ్చినోల్ల తమ్ముణ్ని కాదు,
కుప్ప మీద దొరికినోణ్ని అని
సావుకి అబద్దం సెప్పినారు.
అరవై రెండేళ్లు. ఇంకా నమ్ముతున్నాది.
బతకడానికి తోడబుట్టినోల్లని
కాదనీసుకున్నాను కదేటి బాబూ."

గోడవార గోనెపట్టా కింద
మూడో మనిషి ఉంది.
స్టూలు కాళ్లు, చేటంత ఛాతీ,
మెడ దగ్గర ఆగిపోయింది.
"నాకు ముందుది. పేరెట్టకముందే పోనాది.
ఆడో మగో అమ్మ సెప్పనేదు, నానడగనేదు.
తలకాయకి ఏటి పెట్టాలో తోచట్లేదు."
పట్టా మళ్లీ కప్పేశాడు. టీ ఇచ్చాడు.

నిన్న లారీకి స్టీలు సామాను ఎక్కిస్తుంటే
నొక్కుకుపోయిన చిన్న చెంబొకటి జారి కాళ్ల దగ్గర పడింది.
అంచు కింద చుక్కలతో కొట్టించిన పేరు.
ఎన్నేళ్లు తోమారో, ముందంతా అరిగిపోయింది.
చివరక్షరం వెలుతురుకి తిప్పి తిప్పి చూశాను
మ్మ అనుంటుందా,
య్య అనుంటుందా.

చెవి దగ్గర పెట్టి తట్టాను, ఎందుకో.
నూటపది గ్రాములుంటుంది, చేతికే తెలుస్తుంది.
కాటా మీద పెట్టలేదు.