ఒక్క పన్ను తేడా

నలభై దాకా ఏం లేదు.
నలభై దాటంగనే సీటు కింద
ఎవరో విసుర్రాయి తిప్పినట్టు
గుర్ర్... గుర్ర్...
యాభైకి అద్దంల వెనక రోడ్డు రెండయితది.
అరవై చూడలే. భయమైంది.

అచ్చంపేట పల్లీ మిల్లు సేటు అమ్మిన
డెబ్బై ఎనిమిది మోడల్ అంబాసిడర్ ఇది.
పోయిన ఐతారం నేనే
ఇంటి ముంగట గోనెసంచి పరుచుకొని
ప్రొపెల్లర్ షాఫ్టు దించిన.
పాత క్రాసులు రెండూ కొట్టేసి కొత్తవి ఎక్కిచ్చిన.
సూదులసొంటి బేరింగులకు గ్రీజు పూసి
ఒక్కొక్కటి గిన్నెల నిలబెట్టిన,
ఒక్కటి గుడ పడనియ్యలే.
అండాలు చాయ తెచ్చి
"దవాఖానల పశువులు చాలవా?" అన్నది.

కల్వకుర్తి పశువుల దవాఖానల
ఇరవై రెండేండ్ల సంది అటెండర్ని.
డాక్టరు సార్లు తొమ్మిది మంది మారిన్రు.
బర్రె డొక్క మీద చెయ్యి పెడితే
ఉబ్బరమా, ఇనుపముక్క మింగిందా చెప్త.
అసొంటోన్ని
నా బండి దేనికి మూలుగుతుందో తెల్వక
మిడ్జిల్ రోడ్డు మీద వారం తిరిగిన.

మొదలు టైర్లను అనుమానించిన.
ముందువి వెనకకు, వెనకవి ముందుకు.
మూలుగు జాగ మారలే.
వాగు దిగుడుల న్యూట్రల్ చేసి
ఇంజను బందు పెట్టిన.
ఇంజను సప్పుడు పోయింది, మూలుగు ఉన్నది.
అంటే రోగం గుండెల లేదు, వెన్నుల ఉన్నది.
ఆ కాడికి తెలిసినందుకే
ఆ రాత్రి రెండు రొట్టెలు ఎక్కువ తిన్న.

నవతను వెనక సీటు ముంగట కింద పండవెట్టి నడిపిన.
"ఏడికెల్లొస్తుంది బిడ్డా?"
"అన్ని దిక్కుల నుంచి నాయినా.
నా పండ్లు గుడ కొట్టుకుంటున్నయ్."

మళ్ల ఐతారం.
జాకీ మీద వెనక చక్రాలు గాలిల తిప్పి
సుద్దముక్క ఆనించి చూసిన, షాఫ్టు వంకర లేదు.
దవాఖాన స్టెతస్కోపు తెచ్చి
(సారుకు చెప్పొద్దు)
జానెడు జానెడు జరుపుకుంట విన్న.
ముందు క్రాసు మంచిగుంది.
వెనక క్రాసు మంచిగుంది.
ఏ ఒక్కదానికీ రోగం లేదు,
రెండు కలిసి తిరిగితేనే జ్వరం.

ఇగ జానీమియాను పిలిచిన.
షెడ్డు మూసి మూడేండ్లయింది,
కండ్లల్ల పొర.
బండి స్టార్టు చెయ్యమనలే.
గోనె మీద ఎల్లెలకల పండుకొని
ముందు చెవి తడిమిండు.
షాఫ్టు పొడుగూత చెయ్యి జరుపుకుంట పోయి
వెనక చెవి తడిమిండు.
మళ్ల ముందుది.
"రెండు చెవులు ఒక్క దిక్కు వినాలె గద బేటా.
ఒకటి జడ్చర్ల దిక్కు,
ఒకటి శ్రీశైలం దిక్కు ఇంటున్నయ్ నీవి."

ఎంత తప్పింది చాచా?
"ఒక్క పన్ను. పదహారుల ఒకటి."

సంతల కోడె నోట్లె వేలు పెట్టి
రెండు పండ్లదా, నాలుగు పండ్లదా,
కడపండ్లు అరిగినయా
కండ్లు మూసుకొని చెప్పేటోన్ని.
దించేటప్పుడు ఒక్క సుద్దగీత గీయలే.

కిరసనాయిలుతోని జిడ్డు కడిగితే
రెండు చెవుల మీద పాత ఉలి దెబ్బలు తేలినయ్,
ఒకదానికొకటి ఎదురుపెట్టుమని.
ఎవరు కొట్టిన్రో,
సేటు డ్రైవరో, ఎనభైలల్ల ఏ షెడ్డు పోరడో.
నా అసొంటోడు ఒకడొస్తడని ఎరుకున్నోడు.
ఆ గుర్తు మీద నేనే దోసిలెడు గ్రీజు మెత్తిన.

ఇప్పుడు యాభై ఐదు.
అద్దంల రోడ్డు ఒక్కటే.
జానీమియా పక్క సీట్ల. పైసలు ముట్టలే.
"జడ్చర్ల దాకా పోనియ్" అన్నడు.
ఏం పనుంది చాచా?
"పనేం లేదు."

మిడ్జిల్ దాటినంక
డ్యాష్‌బోర్డు ఎనక ఏదో కిటకిట.
ఆయన కిటికీ దిక్కు చూసిండు,
నేను రోడ్డు దిక్కు.