మక్ఖి

తుపాకి మూతి మీద మినపగింజంత ఇత్తడి.
దాన్ని మా నాయిన మక్ఖి అనేటోడు,
ఈగ అన్నట్టు.
"ముందుగాల ఈగ వాలాలె, ఎన్కనే గుండు."

మట్టెవాడల దుకాణం గడప కాడ నిలబడి
గుగులోతు హామ్లా అడిగిండు, "నాయిన లేడా?"
మూడేండ్లాయె తాతా.
నా మొకం చూడలే. చేతులు చూసిండు.
గోర్ల సందుల నూనె నలుపు చూసినంక
లోపలికొచ్చి కూసున్నడు.

గూడూరు అవతలి తండా, రెండు బస్సులు.
గోనెసంచిల ఒంటిగొట్టం పన్నెండు బోరు,
అంగి లోపలి జేబుల పాలితిన్ కవర్ల లైసెన్సు.
ఎడమ కంటికి ఆపరేషన్ అయింది,
కుడిది ఇంకా పొగ.
గురి పెట్టేది కుడిదాంతోనే.

"మక్కజొన్నల పంది కనబడ్తది బిడ్డా,
నడుమ ఈగ కనబడ్తలేదు."

అల్లుడు పట్నంల కొన్నడట, అగ్గిపెట్టెంత డబ్బి:
అందుల అగ్గిపుల్ల కన్న సన్నం చిలకపచ్చ కడ్డి,
దాన్ని మోసే నల్లటి చిన్న పల్లకి.

పాత మక్ఖి ఒక పట్టాన రాలే.
నలభై ఏండ్ల తుప్పు.
కిరసనాయిలు చుక్కేసి ఒక పూట ఇడిచిపెట్టిన,
సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పటుకారు బిగిచ్చిన.
కిర్రుమన్నది.
గింజ అరచేతుల పెడ్తే
ఆయన దాన్ని లైసెన్సు పక్కన దాసుకున్నడు.

పాత మర ఇంచుల లెక్క, కొత్తది మిల్లీమీటరు.
ఇంత సన్నటి ట్యాపు లోపల ఇరిగితే
గొట్టం పాయె, దుకాణం పేరు పాయె.
పావు చుట్టు ముందుకు, అంతే ఎన్కకు,
చుక్క నూనె,
మల్ల పావు చుట్టు.
మరమేకు గొట్టం లోపలికి ఎంట్రుకంత తేలినా
గుండ్లు ఊకోవు. ఆకురాయితోని మూడుసార్లు రాకిన.

కడ్డి జారకుండ కొసలు కరిగియ్యాలె.
నాయిన పటం ముందటి అగరొత్తి తెచ్చి
తగిలీ తగలకుండ చూపిచ్చిన.
కొస వాచి బొడిపె కట్టింది.

హామ్లా దర్వాజ దిక్కు ఎత్తి చూసిండు.
బజార్ల ఎండంత ఉరికొచ్చి ఆ కొసకు నిలబడ్డది.
"అరే! సెల్లు ఏడ పెట్టినవు దీనికి?"
సెల్లు లేదు తాతా. దాని సొంతం ఏం లేదు.
పక్కల పొంటి పడ్డ ఎలుగును ఏరి
కొసకు తెచ్చిస్తది, అంతే.

"మరి చీకట్ల?"
చీకట్ల ఏరనీకి ఏముంటది.

"పందులొచ్చేదే చీకట్ల గద."

నేను రేతిపొడి ఊడుస్త కూసున్న.
పొద్దుగూకినంక ఇరవై నిమిషాలు
ఎక్కువ కనబడ్తది, అన్న ఆఖరికి.
ఆయన వేళ్ల మీద ఏందో లెక్కపెట్టిండు.
"ఇరవై నిమిషాలంటే నాలుగు సాళ్లు.
నాలుగు సాళ్లు దక్కినా దక్కినట్టే."

మజూరి నాలుగొందలు.
మూడొందల యాభై ఇచ్చి, మిగతాదానికి
సంచి అడుగుకెల్లి ఏడు కంకులు తీసిండు.
ఒకదానికి పంటి గాట్లున్నయి.

వారం తిరగకముందే ఓట్లొచ్చినయి.
తుపాకులన్ని ఠాణాల పెట్టాలన్నరు.
హామ్లాది పదకొండో నంబరు,
ట్రిగ్గరు కాడ సుతిలిదారం, అట్టముక్క.
నెల రోజులు మంచె మీద
నూనెడబ్బ కొట్టుకుంట కూసున్నడట,
చేను సుట్టు పాతచీరలు కట్టి.

ఓట్లయినంక వచ్చిండు, రిపేరుకు కాదు.
"ఠాణా అర్రల గోడకు ఇటుకంత కంత ఉన్నది.
పొద్దుగాల తొమ్మిదింటికి గీతంత ఎండ వడ్తదట.
రైటరు జెప్పిండు,
పదకొండిట్ల నీదొక్కటే కన్ను తెరుస్తది ముసలోడా,
మొదటిరోజు జడుసుకున్న, అని."
నవ్విండు. దగ్గొచ్చింది.

మక్కలో, అన్న.
"తిన్నయి."

కుడి కంటికి సోమారం తారీఖు ఇచ్చిండ్రట.
"కండ్లు మంచిగైనంక పాతదే పెడ్తవా?"
కవరు ఇప్పి ఇత్తడి గింజ నా ముందర పెట్టిండు.
జేబుల ఒరిసి ఒరిసి మెరుస్తున్నది.

మర పెద్దగ చేసిన తాతా, ఇగ కూసోదు.

అట్లనా, అన్నడు.
మల్ల కవర్ల ఏసుకున్నడు, లైసెన్సు పక్కన.
రెండో బస్సు నాలుగింటికి.