పద్నాలుగో గడి

పంటు పాతదైపోయింది, కొత్తది కొనాలి.
కొనాలంటే ముందు కాగితం కొనాలి అంటాడు మా సూపర్నెంటు,
నవ్వకుండా.
మూడు కొటేషన్లు, ధరావతు, సాంకేతిక వివరాల పట్టిక,
ప్రతి పేజీకీ నా పొడి సంతకం.

పద్నాలుగో గడిలో ఇలా ఉంది:
"విభిన్న ప్రతిభావంతులు ఎక్కుటకు వాలుబల్ల: ఉన్నది / లేదు.
అవసరం లేనిది కొట్టివేయుడు.
వాలు పన్నెండుకు ఒకటి మించరాదు.
కొలత ఒక్క అంకెలో చూపవలెను."

టేపు పట్టుకుని రేవుకెళ్లాను.
వశిష్ఠ నిండుగా ఉంది, గట్టు అంచుదాకా.
కొలిచాను, రాసుకున్నాను.
సర్పంచి సంతకం కోసం మధ్యాహ్నందాకా కూర్చుని తిరిగొచ్చేసరికి
నీళ్లు ఆరు మెట్లు దిగిపోయాయి.
నేను టేపు పెట్టిన చోట బురదలో పీతలు తిరుగుతున్నాయి.

సరంగు కొప్పాడి సత్తెయ్య బీడీ ఆర్పి అడిగాడు:
"ఏ లెక్క కావాలండి మీకు?
అమావాస్యదా, అష్టమిదా?
పోటు మీదదా, పాటు మీదదా?"
గడి ఒక్కటే ఉందన్నాను.
"మరైతే గోదారికి చెప్పాలండి ఆ మాట."

బొంతు రూతమ్మ అక్కడే ఉంది, మూడుచక్రాల బండి మీద,
ఒళ్లో లేసు సంచి, వేళ్ల మధ్య క్రోషా సూది.
వారానికి రెండుసార్లు నర్సాపురం పోవాలి, సరుకు అప్పజెప్పడానికి.
ఆమెను ఇద్దరు ఎత్తుతారు, బండిని ఒకడు.
మంచివాళ్లే. చంకల కింద చేతులేసేటప్పుడు
మొహం పక్కకి తిప్పుకుంటారు.
"వాళ్లు తిప్పుకుంటారండి,
నేనెక్కడికి తిప్పుకోను?"

సంచిలోంచి ఓ నోటుబుక్కు తీసింది.
ఒక పక్క అల్లిక లెక్క, గొలుసులెన్ని, వరసలెన్ని.
ఇంకో పక్క రేవు లెక్క.
మంగళవారం, పది గంటలు, పాటు, మోశారు.
శుక్రవారం, పోటు, మోశారు.
మంగళవారం, మోసేవాళ్లు లేరు, వెనక్కి.
అలా పదకొండు నెలలు.
నా పట్టికలకన్నా ఆమె గీతలు తిన్నగా ఉన్నాయి.

జెరాక్సు తీయించి అనుబంధంగా పెట్టాను.
వారంలో తిరిగొచ్చింది:
"నిర్ణీత నమూనాలో లేదు. అంకె ఒక్కటే వేయవలెను."
వేశాను.
నాకూ ఇంక్రిమెంటు రావాలి, ఇంటద్దె కట్టాలి.
పన్నెండుకు ఒకటి.

కొత్త పంటు వచ్చింది, రంగు వాసనతో, సర్టిఫికెట్టుతో.
వాలుబల్ల నిజంగానే పన్నెండుకు ఒకటి,
తయారుచేసిన షెడ్డులో, సిమెంటు నేల మీద.
తనిఖీ రోజు పాటు.
బల్ల చివర గాలిలో ఆగిపోయింది,
కింద రెండడుగుల ఖాళీ, ఆ కింద బురద.
ఇంజనీరు గారు ఫొటో పైనుంచి తీయించారు.

లబ్ధిదారు సంతకం కావాలని రూతమ్మను పిలిచారు.
చదివింది. మళ్లీ చదివింది.
గళ్లు లేని చోటు వెతికి
లేసు అల్లినంత సన్నటి అక్షరాలతో రాసింది:
"ఉదయం తొమ్మిదీ నలభై. పాటు. రెండడుగులు అందలేదు.
పోటు మీద మళ్లీ చూస్తాను."
అప్పుడు సంతకం.

బిల్లు ఆగిపోయింది.
కంట్రాక్టరు రోజూ ఫోను చేస్తున్నాడు,
వైటనరు పూస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమేంటని.

ఆ సాయంత్రమే, పోటెక్కాక,
హ్యాండిలు తనే తిప్పుకుంటూ
బల్ల మీదుగా పంటులోకి వెళ్లింది రూతమ్మ.
ఎత్తడానికొచ్చిన ఇద్దరూ
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక
కాసేపు లుంగీలు సర్దుకున్నారు.
ఆమె నోటుబుక్కు తీసి ఏదో రాసుకుంది.
ఒక్క మాటే అయ్యుంటుంది. నేనడగలేదు.

ఫైలు నా దగ్గరే ఉంది.
బల్లకి ఇంకో మడత బిగించాలని నోటు పెట్టాను,
మార్జిన్లో, గడి బయట.
పద్నాలుగులో 'ఉన్నది' కొట్టలేదు, 'లేదు' కొట్టలేదు.
పైవాళ్లు పిలిచి, ఉందా లేదా చెప్పవయ్యా అంటే
ఏ టైముకండీ, అని అడగాలి.