రాళ్ళు రెండు తక్కువ

మా నాన్న అద్దెల పుస్తకంలో
రోము నగరానికి ఒక పేజీ ఉంది.
కిరీటం ఒకటి, బల్లేలు పన్నెండు,
అట్ట డాళ్ళు తొమ్మిది,
పాత తెర చింపి కుట్టించిన
సైనికుల గౌన్లు ఆరు.
గదలు వద్దన్నారు.
గుంటూరు కొత్తపేటలో మాది నాటకాల సామాన్ల కొట్టు.

యార్డులో మిరపకాయలమ్మిన సొమ్ముతో
సాంబిరెడ్డిగారు సామ్రాజ్యం కట్టారు
బ్యారేజీ దిగువన, సీతానగరం ఇసుకలో.
ఏప్రిల్లో ఏరు ఎండితే అదే ఈజిప్టు,
కెమెరా కాస్త ఇటు తిప్పితే రోము.
"అటు తిప్పకయ్యా, బస్సు కనబడుద్ది!"
రోజంతా ఇదే అరుపు.

చక్రవర్తి చేతికి వాచీ.
తీయిస్తే, వాచీ మేరకు తెల్లటి చర్మం.
సరే, కడియం తొడిగాం.

రాణిగారిది పొన్నూరు.
పేరు నాగరత్తమ్మ, పోస్టరు మీద మిస్ జులీనా.
పదేళ్ళు స్టేజీ మీద చెలికత్తె వేషం.
ఎడమ భుజాన రూపాయంత టీకా మచ్చ.
ఎంత మేకప్పు మెత్తినా
అది క్రీస్తు పూర్వానికి ఒప్పుకోలేదు.

క్షీరస్నానం సీను.
సిమెంటు తొట్టి, ట్యాంకరు నీళ్ళు, బస్తాడు బియ్యప్పిండి.
లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టారు.
పైనుంచి బిందెతో పొయ్యాల్సింది నేను.
ఇరవై రెండేళ్ళు నాకు.
ముందు రాత్రంతా ఆ బిందే కళ్ళలో.
వంగాను.
కెమెరాకేసి నవ్వుతూనే,
పెదాలు కదపకుండా,
"అబ్బాయ్, పిండి పులిసింది, ఒళ్ళంతా దురద,
గబాల్న కానియ్యి" అంది.
ఇడ్లీరేకులు దించుతూ
మా పిన్ని పిలిచే గొంతు అది.
నా రాత్రంతా
ఆ బిందెలోంచే ఒలికిపోయింది.

బెజవాడలో ఉదయం ఆటలు, పదకొండు రోజులు.
నేనూ వెళ్ళాను, నేల టిక్కెట్టు.
తొట్టిలోంచి రాణి లేవబోయే చోట
ఎవరో వేరే దేశపు బిట్టు అతికించారు.
హాలంతా ఈలలు.
ఆ భుజానికి మచ్చ లేదు.
ఎవరికీ అక్కర్లేదు కూడా.
వేలు నోట్లో పెట్టుకున్నవాణ్ణి
తీసేశాను.

సామాన్లు తిరిగొచ్చాయి.
నాన్న కళ్ళజోడు ఎగదోసుకుని రాశాడు:
కిరీటం ఒకటి, రాళ్ళు రెండు తక్కువ.
ఆ వారమే అది మళ్ళీ వెళ్ళాలి,
ఏదో స్కూలు వార్షికోత్సవంలో
ఆరో క్లాసు రాజుగారి తలకి.
తుడవమన్నాడు.
లోపలి అట్టకి
ఎండిన పిండి, ఒక పొడుగాటి వెంట్రుక.

పిండి గీకేశాను.