తడి తాడు

పగలంతా పళ్లు చేస్తాను.
నర్సాపురంలో మేడ కింద చిన్న గది.
ప్లాస్టర్ అచ్చుల్లో ఊరి నోళ్లు వరసగా
తెరుచుకునే ఉంటాయి, మాటా పలుకూ లేకుండా.

రాత్రి షట్టర్ సగం దించి
పంటు కడతాను.
జానెడు పైచిలుకు పంటు. డెబ్బై రెండో వంతు.
అందులో మనిషంటే నా బొటనవేలి కణుపంత.

చిగుళ్లకి వాడే గులాబీ పొడి మిగిలితే
దానితోనే అడుగు పోశాను.
తుప్పు మాత్రం కొననక్కర్లేదు,
తలుపు గొళ్లెం గీకితే రాలుతుంది.
సముద్రం ఎక్కడో కూర్చుని
ఈ ఊళ్లో ప్రతి ఇనుముకీ తన రంగే వేసుకుంటుంది.

డబ్బాలో వచ్చిన మనుషులు
ఏ దేశానివాళ్లో, ఏ యుద్ధంలోవాళ్లో.
హెల్మెట్టు గీకి తలగుడ్డ చుట్టాను.
తుపాకీ కోసి ఆ చేతికి గొడుగిచ్చాను.
మోకాలి మీద కూర్చుని గురిపెట్టినవాడు
ఇప్పుడు బుట్టలో పీతలు పాకిపోకుండా
మూత నొక్కి పట్టుకున్నాడు.

సీసా మీద ఒంటి రంగు అని ఉంది.
మూత తీస్తే జాంపండు లోపలి రంగు.
ఆ ఒళ్లు మా రేవులో ఎవరికీ లేదు.
గోధుమలో పసుపు, పసుపులో నలుపు,
పద్నాలుగుసార్లు చెడగొట్టి
పదిహేనోసారి పట్టుకున్నాను.

కళ్లు పెట్టడానికి మూడు వెంట్రుకల కుంచె.
గుండె ఒకసారి కొట్టుకుని
మళ్లీ కొట్టుకునేలోపు
చుక్క దింపెయ్యాలి.
స్కూటర్ మీది మేష్టారికి ఆలస్యమైంది,
మెల్లకన్ను వచ్చింది.
వదిలేశాను.
ఒక్క మెల్లకన్నైనా లేకుండా
ఏ పంటు దాటింది గోదారిని?

నోళ్లు మాత్రం తెరవలేను.
ఆ కొలతలో పన్నంటే ధూళి.
అయినా పెదవి కింద నీడ పెడుతూ అనుకుంటాను,
ఈవిడకి పై వరసలో రెండు నావి,
ఈయనకి చుట్ట పెట్టే వైపు దవడ నలుపు.

శ్రావణం ముసురులో
కొల్లాటి సూరీడమ్మ వచ్చింది, పళ్లు తొడిగించుకోడానికి.
కొత్త పళ్లతో ముందు అద్దం అడుగుతారు ఎవరైనా.
ఆవిడ షోకేసు వైపు చూసి
"తాడు తప్పు" అంది.

ఏ తాడండీ?

"పోటు మీదుంటే ఇటు కట్టరు బాబూ, అటు.
ఇటు కడితే పంటొచ్చి రేవునే గుద్దుద్ది.
మా ఆయన పాతికేళ్లు ఇసిరాడు ఆ తాడు.
అయినా తాడంతా ఒకటే రంగేంటి?
సగం ఎండిందుంటది, సగం తడిసిందుంటది."

సగం అన్నప్పుడల్లా
పళ్ల సందున సన్నగా ఈల.
పై వరస రవ్వంత అరగదీశాను. ఈల పోయింది.
రెండొందలు బాకీ పెట్టి
గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి బ్లేడుతో తాడు తెంపాను.
అప్పుడు కనబడింది:
ముప్ఫై ఒక్కమందిని చేశాను,
తాడు విసిరేవాణ్ణే చెయ్యలేదు.
ఇన్ని వారాలూ అది దానంతటదే
కట్టుకుని ఉంది.

డబ్బా అడుగున ఒకడు మిగిలాడు.
కుడిచెయ్యి వెనక్కి ఎత్తి
బాంబు విసరబోతూ ఆగినవాడు.
ఎక్కడా ఇమడక పక్కన పడేసినవాడు.
బాంబు చెక్కేశాను.
చెయ్యి అలాగే ఉంచాను, భుజం కూడా,
ఆ నడుం తిప్పడం కూడా.
మైనం పట్టించిన దారం పోగు
ఆ పిడికిట్లో పెట్టి, ఈసారి అటు కట్టాను.

గుంజ పక్క సగానికి ఎండుపీచు రంగు.
నీళ్ల పక్క సగానికి నలుపు,
నలుపు మీద వార్నిష్.

బయట వాన తెరిపివ్వలేదు.
మూడు రోజులైనా వార్నిష్ ఆరలేదు.
నాలుగో రోజు నుంచి
వేలు పెట్టి చూడటం మానేశాను.