మచ్చు

ఇరవై శాతం ఇస్తున్నారంటే ఎగిరి గంతేశాను.
యాభై రూపాయల షేరుకి పది వస్తుందని
కొట్టు గోడ మీద సుద్దముక్కతో లెక్క కూడా వేశాను.
సైదావలి అరచేత్తో చెరిపేశాడు.
"ముఖవిలువ పది. శాతం దాని మీద."
అంటే రెండు రూపాయలు.
వంద షేర్లకి రెండొందలు.

అప్పుడు గుంటూరు మిర్చి యార్డులో
ఒకే కమీషన్ కొట్టుకి ఇద్దరం గుమస్తాలం.
ఒకే రోజు కొన్నాం, ఒకే రంగుల కంపెనీ.
నేను అతన్ని చూసి కొన్నాను.
అతను వడ్డీ ముట్టనన్నవాడు,
లాభమో నష్టమో వాటా అయితే సరేనని కొన్నాడు.

రికార్డు తేదీ దాటిన పొద్దున
షేరు సరిగ్గా రెండు రూపాయలు దిగింది.
మోసం, అన్నాను.
అతను మాట్లాడకుండా పక్క టిక్కీలోంచి
గుప్పెడు తేజా కాయలు మచ్చు తీసి
నా దోసిట్లో పోశాడు.
"టిక్కీ బరువు తగ్గిందా లేదా?
నీ చేతిలో ఉన్నవి ఎక్కడివి మరి?"
ఆ ఘాటుకి ఇద్దరం
కాటా దగ్గర నిలబడి తుమ్ముతూనే ఉన్నాం.

నా రెండొందలు ఆ ఆదివారం దాటలేదు.
కోమలి, నేను, అరండల్‌పేట, మ్యాట్నీ.
అతను తన రెండొందలకి నాలుగు షేర్లు కొన్నాడు.
నాలుగు!
యార్డంతా చెప్పి నవ్వాను.

మరుసటేడు ధర అక్కడే కూర్చుంది.
అతని నూట నాలుగింటికీ రెండొందల ఎనిమిది.
మళ్ళీ నాలుగు కొన్నాడు,
మిగిలిన ఎనిమిదీ పెట్టి ఇద్దరికీ టీ చెప్పాడు.
ఆ టీ కూడా నవ్వుతూనే తాగాను.

మార్కెట్ కూలిన ఏడు
పేపర్లో ఆ పేజీ తిప్పడమే మానేశాను.
అతనికి అదే డబ్బుకి రెట్టింపు వచ్చాయట,
అమావాస్య నాడు చేపలు దొరికినవాడిలా
గుట్టుగా చెప్పాడు.
కోవిడ్ ఏడు కంపెనీ అసలేమీ ఇవ్వలేదు.
ఆ ఏడు మాత్రం ఇద్దరం సమానం.

చూస్తూ కూర్చుంటే ఏమీ జరగని లెక్క అది.
ఇరవై రెండేళ్ళు నేను చూడలేదు.
నావి ఇప్పటికీ వంద.
అతనివి రెండొందల ముప్పై ఒకటి.
షేరుకి తొమ్మిది ఇచ్చారు ఈసారి.

జూలైలో లాలాపేట టీకొట్టు దగ్గర కలిశాడు,
కంటికి ఆపరేషన్ అయింది, నల్లద్దాలు.
"ఈసారి తిరిగి పెట్టలేదు భాయ్, తీసేశాను.
రెండు వేల డెబ్భై తొమ్మిది.
నాలుగు రోజుల్నించి జేబులో తిరుగుతోంది.
ఏం కొనాలో తెలియటం లేదు.
ఇన్నేళ్ళూ నువ్వేం కొన్నావు?"

నిజంగానే అడుగుతున్నాడు.
చెప్పాను.
కుక్కరు. కోమలి కళ్ళజోడు.
పెద్దదాని పాలిటెక్నిక్ అప్లికేషన్.
వరండా కారితే టార్పాలిన్ పట్టా.
ఒక ఏడు మొత్తం తెనాలి బస్సులో పోయింది, జేబు కోశారు.
మామిడిపళ్ళు, రెండు సార్లు.
ఒక ఏడాదిది ఎంత తవ్వినా గుర్తు రాలేదు.

షేర్లు రాసుకునే పాత డైరీ తీసి
చివరి పేజీలో, నల్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి,
ఒక్కొక్కటీ ఏడుతో సహా రాసుకున్నాడు.
గుర్తులేని ఏటికి గీత పెట్టాడు.

టీ డబ్బులకి అయిదొందల నోటు తీశాడు.
చిల్లర లేదన్నాడు కొట్టతను.
నేనే ఇచ్చాను,
ఇరవై.