రివర్సు పడదు

చీటీ ఎత్తిన దుడ్లు గ్రైండరుకని దాచిపెడితే
మా ఆయన ఇనుము ఈడ్చుకొచ్చినాడు.
ట్రాక్టరుకు తాడు కట్టి, మురకంబట్టు రోడ్డు పొడుగునా,
ఊరంతా చూడంగా తెచ్చి
నేను ముగ్గేసే తావులో నిలబెట్టినాడు.
పేరు చెప్పకూడదంటారు, చెప్తా: ఏకాంబరం.
ఆర్టీసీ డిపోలో ముప్పైరెండేండ్లు స్పానరు పట్టినోడు.
రిటైరైన మూడో నెలకే చేతులు దురద పెట్టినాయంట.

పాత పికప్పు. మూడక్షరాల నెంబరు.
ముందర జీపు ముక్కు, వెనక బెల్లం మండీ వాసన.
ఒక కన్ను లేదు. డోర్లకు కొబ్బరితాడు.
తొట్టి అడుగు తుప్పు తిని జల్లెడైపోయింటే
ఆ బొక్కల్లోంచి నా ముగ్గు కనపడతా ఉండింది.
"బండి కాదే ఇది, బంగారం" అన్నాడు.
"అట్లయితే కుదవ పెట్టి గ్రైండరు తే" అంటి.

ఆర్నెల్లు మా ఇంట్లో
సాంబారు కంటే డీజిలు వాసనే జాస్తి.
దోసెపిండి గిన్నెలో పిస్టన్లు నానినాయి.
మంచం కింద లీఫు స్ప్రింగులు,
మంచం మీద మేము.
హెడ్‌లైటుకు వేలూరు, స్టీరింగుకు పలమనేరు గుజిరీ,
బ్రేకు డ్రమ్ము యాడా దొరక్క
సర్దార్ బాషా లేతు కాడ రెండు దినాలు పడిగాపులు.
"ఒరిజినలు" అనే మాట ఆయప్ప నోట్లో
గోవిందనామం మాదిరి తిరుగుతా ఉండేది.
మళ్ళా ఆ ఒరిజినలుకే సొంత సోకులు:
తొట్టికి వేప పలకలు,
డ్యాష్‌బోర్డులో డిపో బస్సు స్విచ్చులు,
దించితే టిఫిను బల్లయ్యే వెనక తలుపు.
రంగు దగ్గర పక్కింటి మొగిలీశ్వరి దూరింది.
"మామిడి రంగెయ్, తాతా."
"ఏ మామిడే? బేనీషానా, తోతాపురా?"
రెండు నాళ్ళు తగవు.
కడాకు మాగీ మాగని తోతాపురి:
ఒళ్ళంతా పచ్చ, బుగ్గన పసుపు.

"సీటు మాత్రం నీదే" అన్నాడు.
గ్రీమ్స్‌పేటలో టార్పాలిన్ కొట్టోని కూతుర్ని నేను.
బ్లేడు తీసుకోని కూర్చుంటి.
రెక్సిను కింద రెక్సిను, దాని కింద ఇంకోటి,
ఉల్లిగడ్డ మాదిరి వలస్తా పోతే
అడుగున పచ్చ రెక్సిను, పచ్చదారం కుట్టు,
మూలకాడ మాత్రం
నాలుగు వేళ్ళంత
ఎర్రదారం.

నాకు పద్నాలుగేండ్లు అప్పుడు.
నాయన సంతకు పోయినాడు. పచ్చదారం అయిపోయింది.
బండి ఆసామి గడప కాడ నిలబడి తొందర పెడతా ఉండాడు.
చేతికందిన ఎర్రది ఎక్కించి, వంకరటింకరగా ముగించేస్తి.
సాయంత్రం నాయన వేలుతో తడిమి చూసి
తిట్టలేదు.
"లోపలి పక్కే కదమ్మా,
యెవురు చూస్తారు" అన్నాడు.

నలభై రెండేండ్లకు
నేనే చూస్తి.

గోరుతో దారం లాగితే తెగలేదు.
బండి కిందనించి ఈయప్ప,
"ఏమే, సడీ చప్పుడూ లేదు?"
"దుమ్ము కళ్ళల్లో పడింది" అంటి.
కొత్త సీటు మూడు దినాల్లో కుట్టేస్తి.
లోపలి పక్క ఏముందో ఆయప్పకు తెలీదు.

ఇంజను మూడు తిప్పులకు దగ్గింది,
నాలుగో తిప్పుకు లేచింది.
వీధి పిల్లకాయలంతా తొట్టిలో ఎక్కినారు.
కాణిపాకంలో టెంకాయ కొట్టి,
దించిన తలుపు మీద పులిహోర తిని వచ్చినాం.
గేరుబాక్సు వాంతి చేసుకునే మాదిరి అరిచింది గానీ పోయింది.

అన్నీ బాగుండాయి. రివర్సు పడదు.
మళ్ళా గేరుబాక్సు దించాలంటాడు, దించడు.
గ్రైండరు కొంటానంటాడు, కొనడు.
అందాకా రాత్రి ఇంటికొస్తానే
వీధి మలుపులో దిగి, నేనూ మొగిలీశ్వరీ
భుజాలు ఆనించి వెనక్కి తోస్తాం.
ఆయప్ప కిటికీలోంచి తల బయటపెట్టి
"రానీ, రానీ, రైట్" అంటాడు, డిపోలో మాదిరి.
మూతి రోడ్డు పక్కకు పెట్టి నిలబెడతాం.

ముగ్గు రెండు మూరలు పక్కకు జరిగింది.